మంటను అడ్డుకునే కాటన్ బట్టను ఎస్‌ఈఎం కింద పెట్టే ముందు

ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) స్లాట్ దొరకడమే కష్టం, కాబట్టి ముందు రోజే ఇవి చూసుకోండి.

బట్టకు కరెంటు పారేలా వేసే పూతగా బంగారం వద్దు. ఈడీఎస్‌లో (ఎక్స్-రేల శక్తిని బట్టి మూలకాలను గుర్తించే పద్ధతి) ఫాస్ఫరస్ 2.01 కేఈవీ (శక్తి కొలత) దగ్గర, బంగారం 2.12 దగ్గర కనిపిస్తాయి; రెండూ కలిసిపోతాయి. ప్లాటినం (2.05) ఇంకా దగ్గర. కార్బన్ పూత వేయించండి. ఒకసారి బంగారం పడిన ముక్క ఫాస్ఫరస్ లెక్కకు ఇక పనికిరాదు.

బోరాక్స్, డైఅమ్మోనియం ఫాస్ఫేట్ పట్టించిన బట్టను తడపొద్దు. మామూలు మైక్రోస్కోప్ కింద చూసినా నీటి చుక్క వేయొద్దు. ఆ లవణాలు కరిగిపోయి, మిగిలేది వట్టి నూలే.

తేమ తీయండి. కాటన్ బరువులో సుమారు 8 శాతం తేమే. అది ఉంటే ఎస్‌ఈఎం లోపల వ్యాక్యూమ్ త్వరగా రాదు. రాత్రంతా డెసికేటర్‌లో (తేమ పీల్చే మూత పాత్ర) ఉంచితే చాలు.

టీహెచ్‌పీ (మంటను అడ్డుకునే ఫాస్ఫరస్ రసాయనం) రకం ఫినిష్‌లో పాలిమర్ నూలు పోగు లోపలే ఉంటుంది. పైపైన చూసి "ట్రీట్‌మెంట్ పట్టలేదు" అనేయొద్దు. కొత్త బ్లేడుతో అడ్డకోత తీసి చూడండి. మొద్దు బ్లేడు పోగును నలిపేస్తుంది.

కాలిన ముక్కను టేప్ మీద నొక్కొద్దు, గాలి ఊదొద్దు. బొగ్గు పొర పొడైపోతుంది.

గ్లోవ్స్ తప్పనిసరి: వేలి చెమటే సోడియం, క్లోరిన్‌గా కనిపిస్తుంది.

పోల్చి చూడటానికి అదే బట్ట తాను నుంచి ట్రీట్ చేయని ముక్క కూడా పట్టుకెళ్లండి.