టాంజానియా పల్లె బడికి వస్తున్న మనవాళ్లకు: జేబు తర్వాత, ముందు చెవులు

టీకాలు, విమానం టికెట్, బట్టలు సర్దుకోవడం గురించి నేను చెప్పను, అవి ఎవరైనా చెబుతారు. కాగితాల విషయం మాత్రం ఒక్క మాట. సందర్శకుల వీసా మీద వచ్చి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పడం కుదరదు. మీరు పైసా జీతం తీసుకోకపోయినా స్వచ్ఛంద సేవకు 'క్లాస్ సి' నివాస అనుమతి ఉండాలి. అది ఎవరు చేయిస్తారు, రుసుము ఎవరు కడతారు అన్నది బయలుదేరక ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. "వచ్చాక చూసుకుందాంలెండి" అనే సంస్థకు ఒక నమస్కారం పెట్టి ఇంట్లోనే ఉండండి.

ఇంకొకటి. ఆవకాయ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తేవద్దు. 2019 జూన్ నుంచి ఈ దేశంలో ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉంది. స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. ఇదంతా రాయడానికి కారణం ఈ దేశ రాజధాని డొడోమా వైపు ఒక పల్లె బడికి ఆమధ్య జనవరిలో వచ్చిన మన కుర్రాడొకడు. మంచివాడు, కష్టపడే రకం. వచ్చిన కొద్దిరోజులకే తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఏడో తరగతి పిల్లలు రాత్రిపూట చదువుకోవడానికి దీపాలు లేవని ఒక పెద్దాయన లేచి చెప్పాడు. మనవాడు గుండె కరిగి, "సోలార్ దీపాల సంగతి నేను ప్రయత్నిస్తాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. కార్యదర్శి నీలం సిరాతో ఆ మాటను తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాడు. కొన్ని నెలలకు మనవాడు వెళ్లిపోయాడు. తర్వాత మన అమ్మాయి ఒకతి వచ్చింది. మొదటి సమావేశంలోనే ఆ పుస్తకం తెరిచి, ఆ పేజీ పైకి చదివి, "దీపాలు ఎంతవరకు వచ్చాయి?" అని ఆమెను అడిగారు. ఆమెకు ఏ దీపాలో కూడా తెలియదు. అక్కడ కూర్చున్న నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది.

మీరు అనుకుంటున్నట్టు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి పట్టణాల్లో దుకాణాలు, ఇనుప సామాన్ల వ్యాపారాలు తరతరాలుగా గుజరాతీల చేతుల్లో ఉన్నాయి. అందుకని పల్లెవాళ్లకు భారతీయుడు అనగానే వ్యాపారి గుర్తుకొస్తాడు. యూరప్ నుంచి వచ్చినవాణ్ని ఏ సంస్థ అని అడుగుతారు. మిమ్మల్ని ఏ దుకాణం అని అడుగుతారు. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరని మీ సంగతి వాళ్లకేం తెలుసు? నన్ను అడిగీ అడిగీ విసిగిస్తే ఒక వాక్యం కంఠస్థం చేశాను: "మిమి ని మ్వాలిము, సి మ్ఫన్యాబియాషారా." నేను పంతులును, వ్యాపారిని కాదు అని. నవ్వుతూ అనాలి. ముఖం మాడ్చుకుని అన్నారంటే పని చెడుతుంది.

అడిగేవాళ్లు ఆశపోతులని మాత్రం అనుకోకండి. 2016 నుంచి ప్రభుత్వ బడుల్లో ఫారం ఫోర్ దాకా, అంటే సెకండరీ నాలుగో ఏడు దాకా, ఫీజు లేదు, నిజమే. కానీ యూనిఫాం, నోటుపుస్తకాలు, బూట్లు ఇంటివాళ్లే కొనాలి. మధ్యాహ్నం జావకు మొక్కజొన్నలో, బీన్సో తల్లిదండ్రులు తలా కొంత ఇవ్వాలి. విద్యా సంవత్సరం మొదలయ్యేది జనవరిలో. డొడోమాలో ఏడాదికి ఒకటే వానాకాలం, కొత్త గింజ ఇంటికి వచ్చేసరికి మే నెల అవుతుంది. అంటే ఖర్చులన్నీ గాదె అడుగంటే రోజుల్లోనే మీద పడతాయి. సరిగ్గా అప్పుడే మీరు పెట్టె పట్టుకుని దిగుతారు.

దానికి తోడు ఫోను. ఇక్కడ ఎం-పెసా లాంటి సేవలతో ఎవరైనా ఎవరికైనా క్షణంలో డబ్బు పంపవచ్చు. మీ నంబరు ఒక్కరికి ఇస్తే వారంలో ఊరంతా చేరుతుంది. నా మొదటి నెలల్లో చీకటి పడితే ఫోను చూడటానికే భయం వేసేది. ఒకరికి రీచార్జి, ఒకరికి చెల్లెలి బూట్లు, ఒకరికి ఆసుపత్రి ఖర్చు. ఎవరిది నిజమో తెలియదు, తెలిసినా అందరికీ ఇవ్వలేను. దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాణ్ని. అందుకే చెబుతున్నాను: నంబరు ప్రధానోపాధ్యాయుడికి, ఇంటి యజమానికి తప్ప ఇవ్వకండి. మొదటి మూడు నెలలు ఎవరికీ ఏదీ కొనివ్వకండి. ఒక పిల్లకు బూట్లు కొంటే మిగతా తొంభై మంది పాదాలు మీ కంటపడతాయి. ఏడాదంతా ఆ పిల్లల మధ్యే ఉండే పంతులుగారికి, ఇవ్వలేనివాడన్న చిన్నతనం మిగులుతుంది.

ఇవ్వాలనిపిస్తే బడి కమిటీ ఉంది. అందులో తల్లిదండ్రులు ఉంటారు, లెక్క ఉంటుంది. వాళ్ల చేతికి ఇచ్చి రసీదు తీసుకోండి, మీ పేరు బయటకు రాకుండా చూడండి. సమావేశంలో ఏదైనా అడిగితే "కమిటీతో మాట్లాడండి" అని కూర్చోండి. "ప్రయత్నిస్తాను" అనవద్దు. "మా ఊళ్లో అడిగి చూస్తాను" అసలే అనవద్దు. ఏమీ అనకపోతే బాగుండదేమో అని మొహమాటపడతారు, నాకు తెలుసు. పడండి. మొహమాటం ఆ సాయంత్రానికే పోతుంది, తీర్మానాల పుస్తకం బీరువాలో ఉండిపోతుంది.

మరి మీరు చేసేదేమిటి? చాలా ఉంది. ప్రభుత్వ ప్రాథమిక బడి మొత్తం స్వాహిలీలో నడుస్తుంది. ఇంగ్లిషు ఒక సబ్జెక్టు, అంతే. సెకండరీలో ఫారం వన్‌లో అడుగుపెట్టగానే లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఒక్కసారిగా ఇంగ్లిషులోకి మారిపోతాయి. నిన్నటిదాకా చెయ్యెత్తిన పిల్లవాడు ఆ రోజు నుంచి బల్ల మీది గీతలు లెక్కపెడుతూ కూర్చుంటాడు. జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం చదివి ఇంటర్‌లో బిక్కమొహం వేసినవాళ్లు మనలో ఎందరు లేరు! ఆ పిల్లవాడి అవస్థ మీకు పట్టినట్టు ఎవరికీ పట్టదు. ఏడో తరగతి పరీక్షలు సెప్టెంబరులో అయిపోతాయి. అక్కడి నుంచి జనవరి దాకా ఆ పిల్లలు ఖాళీ. బడివాళ్లు ఒప్పుకుంటే రోజుకో గంట కూర్చోబెట్టి గణితం, సైన్సు మాటలు ఇంగ్లిషులో అలవాటు చేయండి. ఏ దీపాలకన్నా ఇది ఎక్కువ.

పంతులుగారి తరగతి పూర్తిగా మీరు తీసేసుకోకండి. మీరు వెళ్లాక ఆ ఖాళీ ఎవరు పూడుస్తారు? ఆయన పక్కన నిలబడి చెప్పండి. బెత్తం కనబడుతుంది. ఇక్కడ నిబంధనల ప్రకారం అది చెల్లుతుంది. మీకు కడుపులో తిప్పుతుంది, నాకూ తిప్పింది. పిల్లల ముందు వాదనకు దిగకండి, తర్వాత ప్రధానోపాధ్యాయుడితో విడిగా మాట్లాడండి. మీరు మాత్రం పట్టుకోవద్దు, పట్టుకోమన్నా సరే.

మిగతావి చకచకా. గడియారం లెక్క ఇక్కడ తెల్లవారుతో మొదలవుతుంది: ఉదయం ఏడు అంటే వాళ్లకు ఒకటో గంట. సమావేశం "నాలుగింటికి" అంటే మన పదింటికి. నిర్ధారణగా అడగండి, లేకపోతే సాయంత్రం ఖాళీ బెంచీలకు దండం పెట్టి రావాలి. పెద్దవాళ్లు ఎదురైతే "షికమో" అనాలి, వాళ్లు "మరహబా" అంటారు. ఇల్లు, పని, ఆరోగ్యం అన్నీ అడిగాకే అసలు విషయం ఎత్తాలి. గ్రామ కార్యాలయంలో, బడిలో సందర్శకుల పుస్తకం ఉంటుంది. మొదటి రోజే సంతకం పెట్టండి, దాన్ని లెక్కచేయకపోతే మనసులో పెట్టుకుంటారు. జ్వరం వస్తే పారాసిటమాల్ మింగి పడుకోకండి, అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. దోమతెర చిరిగితే ఆ రాత్రే కుట్టుకోండి.

తిండి గురించి బెంగ వద్దు. ఉగాలి మన సంకటిలాగే ఉంటుంది, మ్చిచ అంటే తోటకూరే. ఆవకాయతో ఉగాలి తిని చూశాక ఊరికి రాసే ఉత్తరాల్లో ఏడుపు తగ్గుతుంది.

ఇంత భయపెట్టాక ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఇవ్వనందుకు నన్ను ఎవరూ ద్వేషించలేదు. అడిగినవాళ్లే రెండో పంట నాటికి గుమ్మం దగ్గర "హోది" అని పిలిచి వేరుశనగలు ఇచ్చి పోయేవారు. రాత్రి మెసేజీలు కూడా వాటంతట అవే ఆగిపోయాయి. మీకూ ఆగుతాయి, మూడు నెలలు పళ్లబిగువున ఉండండి.

కుక్కర్ తెచ్చుకోండి. ఇక్కడి బీన్సు మామూలు గిన్నెలో ఉడకాలంటే పొద్దుపోతుంది, బొగ్గు తరిగిపోతుంది. దాని రబ్బరు వాషర్ మాత్రం ఈ పల్లెల్లో దొరకదు, రెండు అదనంగా పెట్టుకోండి. వీలైతే మూడు, ఒకటి నాకు.