ఈవీ (ఎలక్ట్రిక్ కారు)లో హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరే ముందు

దూరం సుమారు 275 కిలోమీటర్లు. మీ నెక్సాన్ ఈవీ బ్రోషర్‌లో ఫుల్ ఛార్జ్‌కి 489 కిలోమీటర్లు అని ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

- నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల బ్యాటరీకి చెప్పే ఆ 489 టెస్టులో వచ్చిన అంకె. హైవే మీద వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు అయితే 300కే బ్యాటరీ ఖాళీ. పది శాతం మిగుల్చుకుంటే చేతికొచ్చేది 270. మధ్యలో ఒకసారి ఛార్జింగ్ తప్పదు.

- డాష్‌బోర్డు చూపించే రేంజ్ నిన్నటి సిటీ డ్రైవింగ్‌ని బట్టి వేసిన అంచనా కావచ్చు.

- టైర్లలో గాలి చూసుకోండి.

- స్పీడ్ 80 నుంచి 100కి పెంచితే ఎదురుగాలి భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అసలు దొంగ ఇదే, ఏసీ కాదు. ఎండల్లో ఏసీ ఆపేసి ఇంటిల్లిపాదినీ ఉడికించక్కర్లేదు; ప్లగ్‌లో ఉండగానే కారు చల్లబరచండి.

- సూర్యాపేటలో ఛార్జర్ అనుకుంటే, అక్కడికి చేరేముందే మరోటి కూడా చూసిపెట్టుకోండి. యాప్‌లో ఖాళీ అని చూపించినా ఛార్జింగ్ గన్ పనిచేయకపోవచ్చు. ఛార్జింగ్ యాప్ వాలెట్‌లో డబ్బులు ఇంట్లోనే వేసుకోండి. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, అక్కడితో తీసేయండి.

- సంక్రాంతి ముందైతే పంతంగి టోల్ క్యూతో పాటు ఛార్జర్ దగ్గరి క్యూకి కూడా టైమ్ పెట్టుకోండి.