ఇంట్లో రికార్డింగ్ – 6వ పాఠం: కార్డు నిండినప్పుడు

పోయిన పాఠంలో ఎనిమిది మైకులు పెట్టి మీ పేట భజన బృందాన్ని రికార్డు చేయమన్నాను. చేసినవాళ్లలో కొందరికి ఈపాటికి రికార్డర్‌లోని మెమరీ కార్డు నిండిపోయిందన్న మాట తెరమీద కనబడే ఉంటుంది. అది చూడగానే వేలు పాత ప్రాజెక్టులు చెరిపే మెనూ మీదికి పోతుంది. పోనివ్వకండి. కొత్త కార్డు కోసం సికింద్రాబాద్ బస్సెక్కే తొందర కూడా వద్దు. ముందు ఉన్నది కాపీ చేసుకోవాలి, ఆ కాపీని విని చూసుకోవాలి, ఆ తర్వాతే చోటు పెంచుకోవాలి. ఈ వరస తప్పి నేనొక ఉగాది కచేరీ పోగొట్టుకున్నాను. ఆ సంగతి దారిలో చెబుతాను.

మొదట లెక్క. 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలవడం), 24 బిట్లలో (ఒక్కో కొలతకు మూడు బైట్లు) ఒక ట్రాకు, అంటే ఒక మైకు రికార్డింగు, సెకనుకు 1,32,300 బైట్లు తింటుంది. నిమిషానికి దాదాపు 8 ఎంబీ, ఎనిమిది ట్రాకులకు 64. మూడు గంటల భజనకు పదకొండున్నర జీబీ పడుతుంది. 32 జీబీ కార్డులో ఎనిమిది గంటల చిల్లర వస్తుంది, అదీ హార్మోనియం పెద్దాయన "ఇంకొక్కసారి తీద్దాం బాబూ" అనకుండా ఉంటే. 16 బిట్లకు దిగితే మూడో వంతు చోటు మిగులుతుంది గానీ, లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా రికార్డవాలన్న అమరిక) భయంభయంగా తక్కువ పెట్టే కొత్తవాళ్లకు 24 బిట్లే మేలు. అక్కడ పీనాసితనం వద్దు.

ఇక కాపీ. జూమ్ ఆర్16 లాంటి, ఎన్నో ట్రాకులు ఒకేసారి రికార్డు చేసే మెషీన్లలో పని తేలిక. కార్డు తీసి రీడర్‌లో పెడితే ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఫోల్డరు, లోపల ట్రాకులన్నీ వేవ్ (శబ్దం) ఫైళ్లుగా కనబడతాయి. వేవ్ ఫైళ్లు మాత్రం ఏరుకుని తెచ్చుకోకండి. ఫేడర్లు (ట్రాకు శబ్దం పెంచే తగ్గించే మీటలు) ఎక్కడున్నాయో, ఏ ఫైలు ఏ ట్రాకుదో రాసిపెట్టుకున్న చిన్న ఫైలు కూడా ఆ ఫోల్డర్లోనే ఉంటుంది. అది లేకపోతే మళ్లీ మెషీన్‌కెక్కించినప్పుడు మీ మిక్సింగ్ అంతా మొదటికొస్తుంది. ఫోల్డరు ఫోల్డరంతా తీసుకోండి, పేరు మార్చకండి. గుర్తు కావాలంటే పైన ఇంకో ఫోల్డరు చేసి దానికి "2024-04-17 రామాలయం నవమి" అని పెట్టుకోండి. సంవత్సరం ముందు రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరసలో కూర్చుంటాయి.

టాస్కామ్ డీపీ-24 వాడేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ఆ మెషీను కార్డును రెండు భాగాలు చేసుకుని, పాటల్ని తన సొంత భాగంలో దాచుకుంటుంది. కంప్యూటరుకు కనబడేది రెండోది, ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉన్న భాగం ఒక్కటే. నేరుగా కార్డు పెట్టి అంతా కాపీ చేశామనుకుంటే చేతికొచ్చేది ఖాళీ గిన్నె. మెషీన్ మెనూలోనే పాటను బ్యాకప్ చేయాలి. అప్పుడది ఫ్యాట్ భాగంలోకి వస్తుంది, అక్కణ్ణుంచి కంప్యూటరుకు తీసుకోవచ్చు. హార్డ్ డిస్కున్న పాత టాస్కామ్ 2488 మెషీను వాళ్లదీ ఇదే దారి.

ఇప్పుడు ఉగాది సంగతి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు ఒక చిన్న కొట్టులో సగం ధరకు 32 జీబీ కార్డు దొరికింది. "ఒరిజినలే భయ్యా, సీల్ చూస్కోండి" అన్నాడు. సీలు చూశాను, కార్డు చూడలేదు. పాత ప్రాజెక్టులన్నీ అందులోకి మార్చాను. ఫైళ్ల పేర్లున్నాయి, సైజులు సరిపోయాయి. హాయిగా పాత కార్డు ఫార్మాట్ కొట్టేశాను. వారం తర్వాత తెరిస్తే మృదంగం ఉంది, తాళాలున్నాయి, గొంతు లేదు. 5వ ట్రాకు నుంచి అన్నీ నిశ్శబ్దమే.

నకిలీ కార్డు చేసే పని ఇదే. లోపలున్నది 8 జీబీ అయినా, అడిగితే 32 అని చెబుతుంది. 8 దాటాక రాసింది ఎక్కడా నిలవదు, లేదా ముందు రాసినదాని మీదే పడుతుంది. పేర్లూ సైజులూ ఉండే పట్టిక మాత్రం మొదట్లోనే ఉంటుంది కనుక అంతా బాగున్నట్టే కనబడుతుంది. కాబట్టి కొత్త కార్డు ఇంటికి రాగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రాము నడపండి. ఇవి రెండూ ఉచితమే. కార్డు అంచుదాకా నింపి, నింపినదాన్ని తిరిగి చదివి చూస్తాయి. సెకనుకు 10 ఎంబీ రాసే కార్డైతే నింపడానికే గంట దగ్గర పడుతుంది. అన్నం తిని రండి.

పెద్ద కార్డు కదా అని 64 జీబీ కొనకండి. 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డు, అది దాటితే ఎస్‌డీఎక్స్‌సీ రకం, ఫార్మాట్ కూడా వేరు. ఆర్16 లెక్క 32తో ఆఖరు. కంప్యూటర్లో ఫ్యాట్32 (32 జీబీ కార్డులు వాడే ఫార్మాట్)గా మార్చి 64ను నడిపించే ధీరులున్నారు. ఇంట్లో సరదాకైతే సరే, పెళ్లి కచేరీకి నేనా సాహసం చేయను. ఒక 64 కన్నా రెండు 32లే నయం, ఒకటి పోతే సగమే పోతుంది. ఏ కార్డైనా పరీక్షయ్యాక మెషీన్‌లోనే ఫార్మాట్ చేయాలి.

ఇంకొక మాట. కరెంటు. రికార్డింగ్ నడుస్తుండగా కరెంటు పోతే వేవ్ ఫైలు తలభాగంలో నిడివి రాయడం మిగిలిపోతుంది, శబ్దం కార్డులో ఉన్నా ఫైలు సున్నా అని చూపిస్తుంది. దాని మీద ఇంకేదీ రికార్డు చేయకుండా కార్డు తీసి పక్కన పెట్టండి, బాగుచేసే పద్ధతి 8వ పాఠంలో చూద్దాం.

ఈ వారం పని: ఒక ప్రాజెక్టును కంప్యూటరుకు, బయటి డిస్కుకు కాపీ చేయండి. ఆ డిస్కును వేరే ఇంట్లో ఉంచండి. నాది వనస్థలిపురంలో మా అక్క బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. తర్వాత ఆ కాపీని కొత్త కార్డుకెక్కించి, మెషీన్‌లో పెట్టి, చివరి ట్రాకు చివరి నిమిషం వినండి. కాపీ మధ్యలో ఆగితే తెగేది అక్కడే. వినబడితే పాత కార్డు ఖాళీ చేయొచ్చు. నేను మాత్రం చేయను. పక్కనున్న చిన్న లాక్ మీట కిందికి జరిపి, స్కెచ్ పెన్నుతో సంవత్సరం రాసి, కుంకుమ భరిణెలో వేస్తాను.