చిరు వ్యాపారి అర్జీ – మూడవ పాఠం: కాగితం లేని వ్యాపారానికి సాక్ష్యం కూర్చుకోవడం

కరోనా కాలంలో వచ్చిన పథకాలలో ఏది ఎవరికి వర్తిస్తుందో గత పాఠంలో చూశాము. ఈ పాఠంలో తోపుడు బండి, గంప, ఫుట్‌పాత్ మీద పరిచిన పట్టా వీటితో బతికేవారిని మాత్రమే తీసుకుంటాము. నేర్చుకోవలసిన పనులు రెండు: వ్యాపారం చేస్తున్నామని చూపే సాక్ష్యాన్ని కూర్చుకోవడం, దానిని ఒక పేజీ అర్జీగా రాయడం.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే బయటపడింది. అదే నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. వీధిలో అమ్ముకునేవారికి పెట్టుబడి, ఇంటి ఖర్చు వేరువేరు సంచులలో ఉండవు కనుక, అమ్మకం ఆగిన కొద్దిరోజులకే పెట్టుబడి తిండికి కరిగిపోయింది. ఆ పెట్టుబడిని తిరిగి నిలబెట్టడానికే 2020 జూన్ 1న కేంద్రం పీఎం స్వనిధి పథకాన్ని ప్రారంభించి, హామీ లేకుండా రూ.10,000 రుణం ఇప్పించింది. దానికి పెట్టిన ముఖ్యమైన షరతు ఒకటే: 2020 మార్చి 24న గానీ అంతకు ముందు గానీ పట్టణంలో అమ్ముతూ ఉండాలి. బిల్లు పుస్తకమే లేని వ్యాపారాన్ని ఫలానా తేదీకి ముందే చేశామని రుజువు చేయవలసి రావడంతో అసలు కష్టం అక్కడే మొదలయింది.

స్వనిధి మార్గదర్శకాలు విక్రయదారులను నాలుగు వర్గాలుగా చూశాయి. విక్రయ ధ్రువపత్రం లేదా గుర్తింపు కార్డు ఉన్నవారు మొదటి వర్గం. వీధి విక్రయదారులను గుర్తించడానికి మున్సిపాలిటీ జరిపిన సర్వేలో పేరు ఉండి కార్డు అందనివారు రెండవ వర్గం. వీరికి తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వాలి. సర్వేలో పేరే రానివారు మూడవ వర్గం కాగా, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్ముకునేవారు నాలుగవ వర్గం. చివరి రెండు వర్గాలకు మున్సిపాలిటీ లేదా పట్టణ విక్రయ కమిటీ సిఫారసు లేఖ ఇవ్వాలి. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ఈ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారులు ఎన్నుకున్న విక్రయదారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. కాబట్టి మీ బజారులో కమిటీ సభ్యులెవరో ముందుగా తెలుసుకోండి. మీ గురించి విచారణ జరిగితే మీ బండిని రోజూ చూసినవారి మాటకు బలం ఉంటుంది.

నాలుగవ వర్గం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన జిల్లాలో తికమక ఎక్కువగా ఉండేది ఇక్కడే. కోవూరు మండలంలోని ఒక పల్లె నుంచి తెల్లవారకముందే ఆకుకూరల గంప ఆటోలో వేసుకుని, పెన్న వంతెన దాటి నెల్లూరు వచ్చి అమ్ముకునే మహిళను ఊహించుకోండి. పల్లెలోని సచివాలయానికి వెళితే ‘నీ వ్యాపారం ఇక్కడ కాదు గదమ్మా’ అనవచ్చు, నగరంలోని వార్డు సచివాలయానికి వెళితే ‘నీ ఆధార్ ఇక్కడిది కాదు’ అనవచ్చు. స్వనిధికి సంబంధించినంతవరకు ఆమె ఎక్కడ అమ్ముతున్నదన్నదే లెక్క, ఎక్కడ నివసిస్తున్నదన్నది కాదు. లేఖ ఇవ్వవలసింది నెల్లూరు నగరపాలక సంస్థ. పల్లెలోనే అమ్ముకునేవారికి స్వనిధి వర్తించదు. వారికి 2020 నవంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జగనన్న తోడు దారి చూపింది. అందులోనూ రుణం రూ.10,000, వడ్డీని ప్రభుత్వం భరించింది, దరఖాస్తు గ్రామ సచివాలయంలోనే ఇచ్చేవారు.

ఇక సాక్ష్యం. ఇంట్లో డబ్బా, దేవుడి పటం వెనుక, పాత పర్సు అన్నీ వెతకండి. ఆ ఆకుకూరల మహిళ దగ్గర దొరకగలిగినవి ఇవి: బజారులో చెల్లించిన ఆశీలు (అమ్ముకునే స్థలానికి కట్టే రుసుము) రసీదులు, వ్యాపారం కోసమని చెప్పి తీసుకున్న బ్యాంకు లేదా మైక్రోఫైనాన్స్ రుణం పాస్‌బుక్, విక్రయదారుల సంఘం సభ్యత్వ కార్డు, మండీలో సరుకు కొన్నప్పుడు ఇచ్చిన చీటీలు, ఫోన్‌పే వంటి యాప్‌లో పడిన చిన్న మొత్తాల జాబితా. పాత రుణం కాగితానికి, సంఘం కార్డుకు మార్గదర్శకాలలోనే చోటు ఉంది కనుక అవి పైన పెట్టాలి. నా అభిప్రాయంలో వాటి తర్వాతి స్థానం ఆశీలు రసీదుది, ఎందుకంటే అది మీరు ఆ స్థలంలో కూర్చున్నారని చెబుతుంది. ఫోటో ఒక్కటే ఉంటే బలహీనం. తేదీ ఉన్న మరో కాగితంతో కలిస్తే పనికివస్తుంది. రసీదు మీద తేదీ లేకపోతే దాన్ని అలాగే ఉంచండి, మీరు పెన్నుతో తేదీ వేయకండి. ఒక్క అంకె కొత్త సిరాలో కనిపించినా నిజమైన రసీదులన్నిటి మీదా అనుమానం పడుతుంది.

ఏ కాగితమూ దొరకకపోతే? అప్పుడూ దారి ఉంది. తెల్లకాగితం మీద అర్జీ రాసి, తన విషయంలో స్థానికంగా విచారణ జరపమని మున్సిపాలిటీని కోరవచ్చునని, అటువంటి అర్జీని 15 రోజులలో పరిష్కరించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అత్యంత పేద వ్యాపారికి అత్యంత అవసరమైన నిబంధన ఇది. ప్రతి వార్డు సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండవలసింది.

అర్జీలో చాలామంది ఇలా మొదలుపెడతారు: ‘నేను కడు పేదరాలిని, తమరు దయతలచి రుణం ఇప్పించ ప్రార్థన.’ ఈ వాక్యంలో అధికారి విచారించి తేల్చగలిగింది ఏమీ లేదు. దీని బదులు ఇలా రాయండి:

‘నేను కోవూరు మండలానికి చెందినదానిని. 2017 సంక్రాంతి నుంచి ప్రతిరోజూ ఉదయం 6 గంటల నుంచి 10 గంటల వరకు నెల్లూరు ఆత్మకూరు బస్టాండు ఎదుటి వీధిలో, మందుల దుకాణం పక్కన గంపలో ఆకుకూరలు అమ్ముతున్నాను. లాక్‌డౌన్ వలన 2020 మార్చి 25 నుంచి అమ్మకం ఆగిపోయింది. సర్వే జాబితాలో నా పేరు లేదు. ఆశీలు రసీదులు, విక్రయదారుల సంఘం కార్డు నకలు జతపరిచాను. స్థానికంగా విచారించి, స్వనిధి రుణం కొరకు సిఫారసు లేఖ ఇప్పించగలరు.’

ఎప్పటినుంచి, ఏ వేళలో, ఎక్కడ, ఏమిటి అన్న నాలుగింటికీ ఇందులో జవాబు ఉంది. విచారణకు వచ్చే సిబ్బంది ఉదయం ఏడింటికి ఆ మందుల దుకాణం దగ్గరకు వెళ్లి అడిగితే చాలు. బీదరికం గురించి రాయకూడదని కాదు. అది చివర ఒక వాక్యంలో ఉంటే చాలు.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. 15 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. గడువు దాటితే ఆ ప్రతితోనే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లాలి.

లేఖ వచ్చాక మిగిలినది బ్యాంకు పని. మొదటి రుణాన్ని 12 నెలసరి వాయిదాలలో చెల్లించాలి. సకాలంలో చెల్లిస్తే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది, తర్వాత రూ.20,000, ఆపైన రూ.50,000 రుణాలకు అర్హత వచ్చేది. 2025 ఆగస్టులో కేంద్రం ఈ మొత్తాలను రూ.15,000, రూ.25,000, రూ.50,000గా మార్చి, రుణాల గడువును 2030 మార్చి 31 వరకు పొడిగించింది. అందువలన ఈ పాఠం ఇప్పటికీ పనికివచ్చేదే.

వచ్చే పాఠం ఒంగోలులోని చిన్న వర్క్‌షాపు యజమాని గురించి: ఉద్యం నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు), 2020 ఫిబ్రవరి 29 నాటి బ్యాంకు బాకీలో 20 శాతం వరకు ప్రభుత్వ హామీతో అదనంగా ఇచ్చిన రుణం.

అభ్యాసం: మీ వీధిలో కార్డు లేని ఒక విక్రయదారు దగ్గర కూర్చుని, ఆయన చెప్పినదాన్ని ఆయన మాటల్లోనే విని, పై నాలుగింటికి జవాబు వచ్చేలా అర్జీ రాయండి. రాసినది ఆయనకే చదివి వినిపించి, ఆయన సరిచేసిన చోట్లన్నీ మార్చి తిరగరాయండి.