పాత బోటు అరల్లోకి వాన నీరు: వేట మొదలయ్యేలోపు చూసుకోవలసినవి

సముద్రంలో వేట నిషేధం మొదలై ఏప్రిల్ 15న బోట్లు ఆగిపోతే మళ్లీ జూన్ 14 దాటాకే కదిలేది. ఈ 61 రోజుల్లో ఇంజిను విప్పుతాం, వలలు బాగుచేసుకుంటాం, చేతిలో డబ్బులుంటే రంగు వేయిస్తాం. డెక్కు కింద వలలు, చేపలు పెట్టుకునే అరల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మూత ఉందిగా’ అని వదిలేస్తాం. వేట తెరిచే నాటికి మృగశిర కార్తె వచ్చి వారం అయి ఉంటుంది. తొలి వేట, తొలి ముసురు దాదాపు కలిసే వస్తాయి. మూత సంగతి అప్పుడు తెలుస్తుంది.

ముందు చిన్న లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 9 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు డెక్కు అంటే 18 చదరపు మీటర్లు. వాయుగుండం పట్టినప్పుడు మన వైపు ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు కురవడం వింతేం కాదు. అంటే డెక్కు మీద 1,800 లీటర్లు. చాలావరకు పక్కల నుంచి పోతుంది, నిజమే. పదో వంతు అరల్లోకి దిగినా 180 లీటర్లు, ఇంచుమించు ముగ్గురు మనుషుల బరువు. మనుషులైతే చెప్పిన చోట కూర్చుంటారు. నీరు బోటు ఎటు ఒరిగితే అటే పరుగెత్తి, దాన్ని ఇంకా ఒరిగేలా చేస్తుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు పక్క నుంచి కెరటం తగిలితే ఈ నీళ్లే కొంప ముంచుతాయి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. చెక్కకు సముద్రపు నీటి కన్నా వాన నీరే ఎక్కువ చేటు. ఉప్పు ఉన్నచోట చెక్కను కుళ్లబెట్టే బూజు అంత తేలిగ్గా పెరగదు. మంచినీరు నిలిచి, గాలి ఆడకపోతే దానికి పండగే. పాత చెక్క బోటు మీద ఫైబర్ వేయించిన వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి ఫైబర్ కిందికి నీరు చేరిందంటే బయటికి రాదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క గోరుతో గీకితే ఊడొస్తుంది. సుత్తి పిడితో డెక్కు మీద తట్టుకుంటూ వెళ్లండి. టకటకమంటే పర్వాలేదు. బొదబొదమన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

మా బోటు అంతర్వేదిలో కడతాం. మా నాన్న చేయించి పాతికేళ్లు దాటింది. రెండేళ్ల కింద ముందు వైపు వలల అరలో నీళ్లు చేరడం మొదలైంది. మూత చుట్టూ సిలికాన్ ట్యూబు పూశాను. మళ్లీ నీళ్లు. ఇంకో ట్యూబు పూశాను. ముప్పై ఏళ్లు సరంగుగా బోటు నడిపిన మా మావయ్య వచ్చి చూసి, “ఎక్కడ కారుతుందో కనుక్కోకుండా పూసుకుంటా పోతే ఎలారా అల్లుడూ? లోపలికి దిగు” అన్నాడు. ఫోను లైటు వేసుకుని దిగాను. పైనుంచి మూత మీద ఐదు బకెట్లు పోశాడు. చుక్క పడలేదు. తర్వాత ముందుకెళ్లి తాడు కట్టే గుంజ దగ్గర పోశాడు. కాసేపటికి డెక్కు కింద, గుంజ బోల్టు కొసన తుప్పు రంగు చుక్క ఒకటి ఉబ్బింది. కింద పడలేదు. దూలం వెంట మెల్లగా పాకుతూ వచ్చి, సరిగ్గా మూత అంచు కింద రాలింది.

“గుంజ దగ్గర నుంచా మావయ్యా? ఇంత దూరమా!”

“వాలుంటే దానికి దూరమేంట్రా?”

అందుకే నీరు కనబడ్డ చోట కాకుండా, దిగే చోట వెతకాలి. అరను పూర్తిగా ఆరబెట్టి, అడుగునా గోడలకూ ముగ్గు పిండి చల్లండి. ఒకళ్లు లోపల, ఒకళ్లు బయట. నీళ్లు కింది నుంచి పైకి వెళ్తూ పోయాలి. ముందు డెక్కు, తర్వాత అర నోటి చుట్టూ లేపిన గట్టు మొదలు, ఆ తర్వాత మూత, చివర పైనున్న బోల్టులు, గుంజలు. ఒక్కో చోట పోశాక పది నిమిషాలు ఆగండి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి, దారి ఏదో తెలియదు. పిండి మీద చార కనబడితే దాన్ని వెనక్కి పట్టుకుని వెళ్లడమే.

మూతకు వేరే పరీక్ష ఉంది. గట్టు అంచు మీద చుట్టూ సుద్ద రాసి, మూత వేసి, గట్టిగా నొక్కి తీయండి. మూతలోని రబ్బరు పట్టీ మీద తెల్ల గీత తెగకుండా పడాలి. గీత తెగిన చోట పట్టీ ఆనడం లేదు. పట్టీ గట్టిపడి, గోరుతో నొక్కితే లోపలికి పోకపోతే మార్చేయండి. దాని మీద రంగు మాత్రం పూయొద్దు. మన బోట్లు సగం వాటి రబ్బర్లు రంగు వల్లే బిగుసుకుపోయి ఉంటాయి. గట్టు డెక్కుతో సమానంగా ఉంటే ఏ రబ్బరూ ఆపలేదు, కనీసం జానెడు ఎత్తు లేపించండి.

బోల్టు కన్నాలకు పైన పూత పూస్తే సరిపోదు. బోల్టు తీసి, కన్నం పెద్దది చేసి, చెక్క బాగా ఆరాక ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ బోల్టు సైజుకు తొలవాలి. సందులు మూసే సీలెంటు కొనేటప్పుడు సిలికాన్ రకం వద్దు, పాలీయురేథేన్ రకం అడగండి. సిలికాన్ పూసిన చోట తర్వాత రంగూ అంటదు, ఫైబర్ వేసే రెసినూ అంటదు. నేను పూసిన రెండు ట్యూబులూ గీకడానికి మూడు రోజులు పట్టింది. ఈ పనులన్నీ మే నెల ఎండల్లోనే అయిపోవాలి, తడి చెక్క మీద ఏదీ నిలవదు.

డెక్కు నీళ్లు పోయే కన్నాల్లో పొలుసులు, వల దారాలు ఇరుక్కుంటాయి. ప్రతి వేటకూ పుల్లతో పొడిచి చూడండి.

ఏటిలో కట్టినప్పుడు పాటు (నీరు వెనక్కి తీయడం) సంగతి మరిచిపోవద్దు. నీరు తీశాక బోటు బురద మీద కూర్చుని ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు వాన పడితే నీళ్లన్నీ ఆ పక్కన చేరి గట్టు దాటి అరలోకి దిగుతాయి. మా అరలు ఎక్కువసార్లు నిండింది సముద్రం మీద కాదు, ఒడ్డున అందరం నిద్రపోతున్నప్పుడే. బరకం పరిస్తే మధ్యలో వెదురు దూలం పెట్టి ఇంటి కప్పులా వాలు ఇవ్వండి. జారిన బరకం చెరువైపోతుంది.

అయితే అన్నీ బిగించేసి వదిలేయొద్దు. గాలి ఆడని అరలో చెమ్మ పట్టి వలలు, లైఫ్ జాకెట్లు బూజెక్కుతాయి. ఎండ కాసిన పూట మూతలు తీసి పెట్టండి.

చేపల అర విషయంలో ఇది ప్రాణాల సంగతి. నిలవ నీళ్లలో చేప ముక్కలు కుళ్లితే విషవాయువు పుడుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది కానీ, గాఢత పెరిగితే ఆ వాసన కూడా తెలియదు. చాలా రోజులు మూసి ఉన్న అరలోకి మూత తీయగానే దిగొద్దు. గాలి బాగా ఆడనిచ్చి, పైన మనిషిని పెట్టుకునే దిగాలి. లోపల ఒకళ్లు పడిపోతే వెంటనే దూకొద్దు, రెండో ప్రాణం అలాగే పోతుంది. పైనుంచి గాలి కొట్టించి, సాయం పిలిచి, తాడుతో లాగే ఏర్పాటు చూడాలి.

మా బోటు ఇంజిను గదిలో ఇప్పుడు ముగ్గు డబ్బా ఒకటి మేకుకు వేలాడుతోంది. అది ఇంట్లోంచి ఎలా మాయమైందో మా అమ్మకు ఇంకా తెలియదు.