చెవిలో హోరుకు టీఎంఎస్ చికిత్స: ఒప్పుకునే ముందు చూసుకోవలసినవి

నెలల తరబడి చెవిలో హోరు తగ్గనివారికి కొందరు వైద్యులు టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) చికిత్సను సూచిస్తున్నారు. తలకు ఆనించిన తీగచుట్ట నుంచి అయస్కాంత స్పందనలను పంపి, వినికిడికి సంబంధించిన మెదడు భాగంలో అతిగా ఉన్న చురుకుదనాన్ని తగ్గించడం దీని ఉద్దేశం. కుంగుబాటు చికిత్సకు అమెరికాలో దీనికి 2008లోనే అనుమతి లభించింది కానీ, హోరు విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014 మార్గదర్శకాల్లో దీన్ని సాధారణ చికిత్సగా సిఫారసు చేయవద్దని చెప్పింది. కాబట్టి తప్పక తగ్గుతుందని ఎవరైనా హామీ ఇస్తే అనుమానించడమే మంచిది.

చికిత్సకు ముందే ఈఎన్‌టీ వైద్యుని చేత పరీక్ష, వినికిడి పరీక్ష చేయించుకోవాలి. హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడితో పాటు కొట్టుకుంటున్నట్లు వినిపించినా దాని కారణం వెతకడం ముందు పని. వినికిడి హఠాత్తుగా పడిపోతే అది అత్యవసరం. ఒక్క రోజు కూడా ఆగకూడదు.

తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం శస్త్రచికిత్సతో అమర్చే పరికరం), మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్లు ఉన్నవారికి సాధారణంగా ఈ చికిత్స చేయరు. పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతి తప్పక ముందే చెప్పాలి. అరుదుగానైనా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది గనుక గతంలో వచ్చిన మూర్ఛ, తలకు తగిలిన దెబ్బలు, మద్యం అలవాటు, వాడుతున్న మందులు ఏవీ దాచకూడదు. బ్యుప్రోపియాన్, క్లోజాపిన్ వంటి మానసిక సమస్యల మందులు ఫిట్స్ ప్రమాదాన్ని పెంచుతాయి, అయినా వాటిని సొంతంగా ఆపేయడం మరింత హాని. ముందురోజు రాత్రి నిద్ర చెడగొట్టుకోకూడదు.

చాలామంది పట్టించుకోనిది శబ్దం. స్పందన వెలువడిన ప్రతిసారీ తీగచుట్ట గట్టిగా టక్కుమంటుంది. హోరు కోసం వచ్చిన మనిషి చెవికే అది హాని చేయగలదు కాబట్టి, ఇయర్‌ప్లగ్‌లు సరిగ్గా అమరాయని నిర్ధారించుకున్నాకే యంత్రం ఆన్ చేయనివ్వాలి. వినికిడి మందగించినా, హోరు పెరిగినా ఆ పూటే చెప్పాలి. తలనొప్పి, తల చర్మం మీద నొప్పి మాత్రం మామూలే.

హోరుకు కొందరు ప్రస్తావించే టీడీసీఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్) వేరే పద్ధతి. అందులో అయస్కాంత స్పందనలకు బదులు తలకు అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల స్వల్ప విద్యుత్తును పంపుతారు. బ్యాటరీతో ఇంట్లోనే అమర్చుకునే ప్రయత్నం చర్మాన్ని కాల్చవచ్చు, అందుకే వైద్య పర్యవేక్షణ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు.