విద్యుత్ లెక్కలు – 4వ పాఠం: బ్యాటరీ వోల్టేజి వేరు, రెసిస్టరు మీది వోల్టేజి వేరు

గత పాఠం చివర ఇచ్చిన లెక్క దగ్గర చాలామంది తడబడ్డారు కాబట్టి, సామర్థ్యం (పవర్) జోలికి వెళ్లే ముందు దాని సంగతి తేల్చుకుందాం. రెసిస్టరు రెండు కొనల మధ్య 12 వోల్టులు ఉండి, దానిలో 40 మిల్లీఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంటే నిరోధం ఎంత అన్నది ప్రశ్న. 12ను 40తో భాగించి 0.3 ఓమ్ అని రాసినవారే ఎక్కువ. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తేనే ఓమ్‌లు వస్తాయి; 40 మిల్లీఆంపియర్లంటే 0.04 ఆంపియరు కనుక సరైన జవాబు 300 ఓమ్‌లు. వచ్చిన జవాబును ఒకసారి తిరగేసి చూసి ఉంటే తప్పు అక్కడే బయటపడేది: 0.3 ఓమ్ నిరోధం మీద 12 వోల్టులు ఉంటే ప్రవహించేది 40 ఆంపియర్లు, అంటే ప్రశ్నలో ఇచ్చినదానికి వెయ్యి రెట్లు.

ఇలాంటి చిన్న సర్క్యూట్లలో నేను ఆంపియర్లలోకి మార్చనే మార్చను. వోల్టులను మిల్లీఆంపియర్లతో భాగిస్తే జవాబు నేరుగా కిలో ఓమ్‌లలో వస్తుంది, గుణిస్తే మిల్లీవాట్లలో వస్తుంది. పైలెక్కలో వచ్చిన 0.3 కిలో ఓమ్‌లలో ఉందని గుర్తిస్తే అదే 300 ఓమ్‌లు. మీరు కూడా ఈ పద్ధతికే అలవాటు పడితే దశాంశ బిందువు దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు తగ్గిపోతాయి.

ఇక సామర్థ్యం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు వస్తాయి. వోల్టేజికి బదులు కరెంటు, నిరోధాల లబ్ధాన్ని ఉంచితే కరెంటు వర్గం ఇంటూ నిరోధం అవుతుంది. కరెంటుకు బదులు వోల్టేజి బై నిరోధం ఉంచితే వోల్టేజి వర్గం బై నిరోధం అవుతుంది. ఇందులో అంతకుమించి చెప్పవలసినది లేదు.

చెప్పవలసినదంతా ఆ సూత్రాల్లో ఏ వోల్టేజి వేయాలన్న దాని గురించే ఉంది. 9 వోల్టుల బ్యాటరీకి ఒక రెసిస్టరును, ఒక ఎర్ర ఎల్ఈడీని శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపామనుకుందాం. ఎల్ఈడీ మీద 2 వోల్టులు ఉన్నాయి, కరెంటు 20 మిల్లీఆంపియర్లు. రెసిస్టరు విలువ అడగగానే 9ని 20తో భాగించి 450 ఓమ్‌లు అనేస్తారు. బ్యాటరీ మీద 9 అని రాసి ఉన్నంత మాత్రాన సర్క్యూట్లోని ప్రతి భాగానికీ 9 వోల్టులు అందవు. శ్రేణిలో ఉన్నవి ఆ తొమ్మిదింటినీ పంచుకుంటాయి. ఎల్ఈడీ వాటా 2 పోగా రెసిస్టరుకు మిగిలేది 7 వోల్టులు, నిరోధం 350 ఓమ్‌లు. అందులో వేడిగా మారే సామర్థ్యం 7 ఇంటూ 20, అంటే 140 మిల్లీవాట్లు.

ఇదే 350 ఓమ్‌ల రెసిస్టరుకు పొరపాటున 9 వోల్టులు వేసి మూడు సూత్రాలతోనూ లెక్కకట్టి చూడండి. వోల్టేజి ఇంటూ కరెంటు 180 మిల్లీవాట్లు అంటుంది, వోల్టేజి వర్గం బై నిరోధం సుమారు 231 అంటుంది, కరెంటు వర్గం ఇంటూ నిరోధం మాత్రం 140 దగ్గరే నిలుస్తుంది. ఒకే రెసిస్టరుకు మూడు జవాబులు ఉండవు. అవి కలవలేదంటే మీరు వేసిన వోల్టేజి ఆ రెసిస్టరుది కాదన్నమాట. మూడో సూత్రం నిలబడటానికి కారణం, శ్రేణిలో కరెంటు అన్ని భాగాల్లోనూ ఒకటే కావడం. అందుకే శ్రేణి సంధానంలో నేను ఎప్పుడూ కరెంటు వర్గంతోనే మొదలుపెడతాను. సమాంతర సంధానంలో, అంటే భాగాలన్నింటినీ అవే రెండు బిందువుల మధ్య కలిపినప్పుడు, వోల్టేజి ఉమ్మడిది కనుక అక్కడ వోల్టేజి వర్గం వాడతాను. నిరోధం పెరిగితే సామర్థ్యం పెరుగుతుందా, తగ్గుతుందా అన్న సందేహానికీ సమాధానం ఇక్కడే ఉంది: కరెంటు మారకుండా ఉంటే పెరుగుతుంది, వోల్టేజి మారకుండా ఉంటే తగ్గుతుంది.

ఈ లెక్క తప్పితే నష్టం కాగితం మీద ఆగదు. పావు వాట్ రెసిస్టరు మీద అర వాట్ భారం పడితే అది ముట్టుకోలేనంతగా వేడెక్కుతుంది, పైనున్న రంగు పట్టీలు క్రమంగా నల్లబడి చివరకు దాని విలువను చదవడమే కష్టమవుతుంది. లెక్కలో వచ్చినదానికి కనీసం రెట్టింపు వాట్ల రెసిస్టరు వేయడం మంచిది.

ఫిలమెంటు బల్బు విషయంలో మాత్రం జాగ్రత్త. 230 వోల్టుల 60 వాట్ బల్బు నిరోధం లెక్క ప్రకారం సుమారు 882 ఓమ్‌లు. కానీ అది వెలుగుతున్నప్పటి విలువ. ఆర్పి చల్లారనిచ్చి మల్టీమీటరుతో కొలిస్తే అందులో పదో వంతో, అంతకన్నా తక్కువో కనిపిస్తుంది. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరగడమే అందుకు కారణం.

అభ్యాసం: 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 మిల్లీఆంపియర్లు బయలుదేరి మొదటి రెసిస్టరును దాటాక, సమాంతరంగా ఉన్న రెండో, మూడో రెసిస్టర్లలోకి చీలుతున్నాయి. ఆ జంట మీద 4.8 వోల్టులు ఉన్నాయి, రెండోదానిలో 20 మిల్లీఆంపియర్లు పోతున్నాయి. మూడింటి నిరోధాలను, సామర్థ్యాలను కనుక్కోండి. మూడు సామర్థ్యాల మొత్తం 720 మిల్లీవాట్లు రావాలి. రాకపోతే ఏ రెసిస్టరుకు ఏ వోల్టేజి వేశారో మళ్లీ చూసుకోండి. పైన చెప్పిన రెట్టింపు నియమం ప్రకారం ఏ రెసిస్టరుకు పావు వాట్ సరిపోతుందో, ఏవాటికి సరిపోదో కూడా రాయండి.